గట్టిగా తన్నే రైఫిల్‌పై స్కోపు నిలవడం లేదు – లోపం ఎక్కడ వెతకాలి?

చెరువుగట్టు (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నాన్నగారు పోయాక ఆయన .30-06 (తూటా సైజు పేరు) ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్ లైసెన్సుతో సహా నా పేరుకు మారింది. వేట ఊసే లేదు, రేంజిలో కాగితం మీద గురి చూసుకోవడం వరకే. వయసు మీద పడి ఇనుప సైట్లు మసకగా కనిపిస్తున్నాయని ఒక దుకాణంలో స్కోపు (గురి చూసే చిన్న దూరదర్శిని) కొని అక్కడే బిగించుకుని వచ్చాను.

మొదటి కొన్ని గుళ్లు వంద మీటర్ల దగ్గర అరచేయంత చోటులోనే పడ్డాయి. ఆ తరువాత ఒకటి కుడికి, ఒకటి కిందికి, ఒకటి కాగితం దాటి. దుకాణంవారికి చూపిస్తే స్కోపును పట్టి ఉంచే రింగులు ఇంకా గట్టిగా బిగించి ఇచ్చారు. ఇప్పుడు స్కోపులో జూమ్ తిప్పే వలయం పట్టేసినట్టు తిరుగుతోంది, గుళ్లు మాత్రం యథాప్రకారం చెదురుతున్నాయి. పైగా మా బావమరిది కాలిస్తే స్కోపు అంచు తగిలి కనుబొమ్మ చిట్లింది, కుట్లు వేయించాల్సి వచ్చింది.

స్కోపు పనికిరానిదా? బిగింపు చాలలేదా? లేక రైఫిల్‌లోనే ఏదైనా ఉందా?

పాత ఫిట్టర్ (కాజీపేట)

ముందుగా ఆ అలెన్ కీని డ్రాయర్‌లో పెట్టేయండి. ఇంకా బిగించడం అనే వైద్యం ఇక వద్దు. జూమ్ వలయం పట్టేస్తోందంటే రింగులు గొట్టాన్ని నొక్కేస్తున్నాయి. స్కోపు గొట్టం పలుచని అల్యూమినియం. దాని లోపల గురిరేఖను (చూస్తే కనిపించే అడ్డగీతల గుర్తును) మోసే ఇంకో చిన్న గొట్టం స్ప్రింగు మీద ఆనుకుని కదులుతుంటుంది. బయటి గొట్టం నొక్కుకుపోతే లోపలిది ఇరుక్కుంటుంది. అప్పుడు మంచి స్కోపు కూడా పిచ్చి స్కోపులాగే ప్రవర్తిస్తుంది.

నేను లోకో షెడ్డులో ఫిట్టర్‌గా పనిచేసి రిటైర్ అయ్యాను. బోల్టులతో గడిచిన జీవితం కాబట్టి చెబుతున్నాను: పైన కనిపించే స్క్రూ మీదే అందరి చూపూ పడుతుంది, వదులు కింద ఉంటుంది. మీ రైఫిల్‌పై బేస్ (రింగులు కూర్చునే కింది భాగం) ఒకటే పొడవాటి పట్టీనా, ముందొకటి వెనకొకటి రెండు ముక్కలా? దుకాణంవారు రింగులు బిగించారు సరే, రింగులు తీసి బేస్ స్క్రూలు చూశారా?

చెరువుగట్టు

రెండు ముక్కలే సార్. రింగులు తీసి చూసినట్టు గుర్తు లేదు.

భౌతికం (వరంగల్)

ఫిట్టర్ గారు అడిగినదానికి కాస్త లెక్క జోడిస్తాను. పాఠం చెప్పే అలవాటు పోలేదు, ఓపిక పట్టండి.

రైఫిల్, స్కోపు కలిపి 3.6 కిలోలు అనుకుందాం. 180 గ్రెయిన్ల గుండు అంటే సుమారు 11.7 గ్రాములు. అది సెకనుకు 820 మీటర్ల వేగంతో వెళ్తుంది. మందు కాలగా పుట్టిన వాయువు తాలూకు తోపు కూడా కలుపుకుంటే రైఫిల్ సెకనుకు దాదాపు 3.9 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది. శక్తి రూపంలో 27 జౌళ్లు. 32 గ్రాముల రవ్వల తూటా పేల్చే 12 బోర్ తుపాకీది కూడా ఇంచుమించు ఇంతే, 30 జౌళ్లు. ఏనుగుల కోసం పుట్టిన .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ అయితే 70 జౌళ్లు దాటుతుంది.

27 జౌళ్లు పెద్ద సంఖ్య కాదు. అసలు విషయం సమయంలో ఉంది. ఆ వేగమంతా రెండు మిల్లీసెకన్లలో వచ్చేస్తుందనుకుంటే త్వరణం గురుత్వానికి 200 రెట్లు. అరకిలో స్కోపును ఆ త్వరణంతో వెంట లాక్కెళ్లడానికి వెయ్యి న్యూటన్లు కావాలి. మీ స్కోపుకు రెండు బియ్యం బస్తాలు కట్టి వేలాడదీస్తే రింగుల మీద ఎంత లాగుడు పడుతుందో, ప్రతి గుండుకూ ఒక్క క్షణం అంత పడుతుంది. స్కోపు బరువు రెట్టింపైతే ఆ లాగుడూ రెట్టింపే. గట్టిగా తన్నే రైఫిల్‌కు పెద్ద అద్దాల బరువైన స్కోపు హోదాగా కనిపిస్తుందేమో గానీ మౌంటుకు (రింగులూ బేస్ కలిసిన బిగింపుకు) మాత్రం శిక్ష.

ఇంకో సంగతి. తుపాకీ వెనక్కి తన్నుతుంది కాబట్టి స్కోపు కూడా వెనక్కి జారుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. స్కోపు జడత్వంతో ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది, దాని కింద నుంచి రైఫిల్ వెనక్కి పోతుంది. రైఫిల్ మీద కూర్చుని చూసేవాడికి స్కోపు ముందుకు జారుతున్నట్టే కనిపిస్తుంది.

గురి ఎందుకు చెదురుతుందో కూడా లెక్కకు అందుతుంది. రెండు రింగుల మధ్య 125 మిల్లీమీటర్లు అనుకోండి. అందులో ఒకటి పక్కకు మిల్లీమీటరులో పదో వంతు కదిలితే చాలు, వంద మీటర్ల దగ్గర గుండు 8 సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. కంటికి ఆనని వదులు కాగితం మీద బెత్తెడు తప్పవుతుంది.

పాత ఫిట్టర్

మాస్టారి లెక్కకు దండం. ఇక చేతిపని.

తూటాలు వేరే గదిలో పెట్టండి. మ్యాగజైన్ తీయండి, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) బయటికి లాగేయండి, తూటా కూర్చునే చాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని తెలుసుకోండి. ఇదంతా అయ్యాకే స్క్రూడ్రైవర్ పట్టండి.

స్కోపు, రింగులు, బేస్ అన్నీ విప్పండి. స్క్రూలు ఏ రంధ్రం నుంచి వచ్చాయో రాసిపెట్టుకోండి. ముందు రంధ్రంలోని స్క్రూ సాధారణంగా పొట్టిది, వెనకది పొడుగు. వాటిని తారుమారు చేసి బిగించే దుకాణాలు నేను చూశాను.

తరువాత అసలు పరీక్ష. ముందు బేస్ ముక్కను దాని చోట ఉంచి ఒకే ఒక్క స్క్రూ బిగించండి. ఇప్పుడు బేస్‌ను వేళ్లతో కదపండి. స్క్రూ గట్టిగా ఉంది గానీ బేస్ ఆడుతోంది అంటే దాని మొన రంధ్రం అడుగున తగిలి ఆగిపోయింది, తల బేస్‌ను నొక్కడమే లేదు. అలా ఒక్కో స్క్రూనూ విడిగా చూడండి. ముందు స్క్రూ బిగించి ఉండగా బోల్ట్ పెట్టి మూసి తెరిచి చూడండి. ఎక్కడైనా పట్టినట్టు అనిపిస్తే స్క్రూ మొన లోపలికి పొడుచుకు వచ్చి బోల్ట్‌కు తగులుతోంది. అటువంటి రైఫిల్‌ను కాల్చకూడదు.

అన్నీ సరిగా ఉంటే రంధ్రాలనూ స్క్రూలనూ ఎసిటోన్‌తో కడగండి. కొత్త స్క్రూలకు ఫ్యాక్టరీ నూనె పూత ఉంటుంది, అది ఉన్నంతసేపు ఏ జిగురూ పట్టదు. బేస్ స్క్రూలకు నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క. ఎరుపు వద్దు. రేపు విప్పాలంటే వేడి పెట్టాల్సి వస్తుంది. బేస్ అడుగున మాత్రం పల్చగా నూనె రాయండి, వానాకాలం ఆ సందులో తుప్పు చేరుతుంది.

బిగింపు అంకెలు మీ బేస్ తయారీదారు కాగితంలో ఉంటే అవే ప్రమాణం. మామూలుగా చిన్న 6-48 సైజు బేస్ స్క్రూలకు 2 నుంచి 2.3 న్యూటన్ మీటర్లు. రింగు పై మూతల స్క్రూలకు 1.7 నుంచి 2. రింగును బేస్‌కు పట్టే అడ్డ బోల్టు బలమైనది, 5 నుంచి 7 వరకు తట్టుకుంటుంది. విదేశీ కాగితాల్లో ఇవి అంగుళం-పౌండ్లలో ఉంటాయి. దాన్ని అడుగు-పౌండ్లుగా చదివితే పన్నెండు రెట్లు ఎక్కువ బలం పడి స్క్రూ తల చేతికి వస్తుంది. బైకు మెకానిక్ దగ్గరి, బిగింపు బలం (టార్క్) చూపే పెద్ద రెంచి ఈ పనికి రాదు, దాని అంకెలు మొదలయ్యేచోటే మన పని దాటిపోతుంది.

మూడు వందల పదిహేను (జగిత్యాల)

ఫిట్టర్ గారూ, నాది .315. పైన స్కోపుకు రంధ్రాలే లేవు. మా ఊరి లేత్ మిషన్ అతను ఒక పూటలో వేసి ఇస్తానంటున్నాడు. చేయించుకోవచ్చా?

పాత ఫిట్టర్

వద్దు. మా ఇంట్లోనూ లేత్ ఉంది, నా మీద నాకు నమ్మకమూ ఉంది, అయినా ఆ పని ముట్టను. రిసీవర్ (బోల్ట్ కదిలే నడుమ భాగం) గట్టిపరిచిన ఉక్కు. రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోతే స్కోపు బ్యారెల్‌తో సమానంగా కూర్చోదు, లోతు ఎక్కువైతే పేలుడు ఒత్తిడి మోసే చోటు బలహీనమవుతుంది. అది మీ ముఖానికి జానెడు దూరంలో ఉండే చోటు.

నిర్వాహకుడు

పైదానికి చేర్పు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకుల మరమ్మతు కూడా లైసెన్సు ఉన్నవారే చేయాలి. లేత్ దుకాణాల చిరునామాలు ఇక్కడ పెట్టవద్దు, పెడితే తీసేస్తాను.

రిటైర్డ్ హవల్దార్ (ములుగు)

జగిత్యాల తమ్ముడూ, నీ .315 లీ ఎన్‌ఫీల్డ్ తరహా రైఫిల్. ఆ వంశంలో స్కోపు సమస్య ఈనాటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వారు లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4 రైఫిళ్లలో బాగా గురి కుదిరినవాటిని ఏరి స్నైపర్ రైఫిళ్లుగా మార్చారు. పైన చోటు లేక ఎడమ పక్కన రెండు ఉక్కు దిమ్మెలు అమర్చి, వాటికి పెద్ద బొటనవేలి స్క్రూలతో బ్రాకెట్ పట్టించారు. దానికి పెట్టిన నంబర్ 32 స్కోపు కూడా బరువైనదే. అంత సైన్యం, అంత ఫ్యాక్టరీ ఉండి కూడా ఒక్కో రైఫిల్‌నూ విడిగా కూర్చుని సరిచేయాల్సి వచ్చింది. నీ పని ఒక పూటలో అవుతుందంటే నేను నమ్మను. ఇనుప సైటు తోనే కాల్చు, లేదా రంధ్రాలతో వచ్చే రైఫిల్ తీసుకో.

ఇక హనుమకొండ గారి బావమరిది విషయం. అందరూ స్కోపు కాపాడుకోవడం గురించే మాట్లాడుతున్నారు, కన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. స్కోపు వెనక అద్దానికీ కంటికీ మధ్య ఎంత దూరంలో పూర్తి బొమ్మ కనిపిస్తుందో ప్రతి స్కోపుకూ ఒక అంకె ఉంటుంది. .30-06కు 90 మిల్లీమీటర్లకు తక్కువ ఉన్నది తీసుకోవద్దు, వంద ఉంటే నిశ్చింత. సైన్యంలో డ్రాగునోవ్ స్నైపర్ రైఫిల్ స్కోపు చూసినవారు దానికి 68 మిల్లీమీటర్లే కదా అంటారు. దాని వెనక మెత్తని రబ్బరు కప్పు ఉంటుంది, పైగా ఆ రైఫిల్ బరువైనది, తనే తిరిగి లోడ్ చేసుకునేది, తన్ను నెమ్మది. దానితో పోలిక పెట్టుకోకూడదు.

దుకాణంలో నిలబడి, బల్ల మీద రైఫిల్ పెట్టి, స్కోపు బిగిస్తారు. బావమరిది గారు రేంజిలో పడుకుని కాల్చి ఉంటారు. అవునా? పడుకుంటే మెడ ముందుకు సాగుతుంది, తల రెండు మూడు సెంటీమీటర్లు స్కోపుకు దగ్గరవుతుంది. ఎత్తు మీదికి గురి పెట్టినా అంతే. దానికి తోడు బట్‌ను (రైఫిల్ వెనక చివరను) భుజంలోకి లాగి పట్టుకోకపోతే రైఫిల్ ఖాళీగా పరిగెత్తుకొచ్చి తగులుతుంది.

సరిచేసే పద్ధతి ఇది. రింగులు వదులుగా ఉంచి, జూమ్‌ను గరిష్ఠంలో పెట్టండి. కళ్లు మూసుకుని మీకు అలవాటైన భంగిమలో చెంప ఆనించండి. కళ్లు తెరిచాక బొమ్మ చుట్టూ నల్ల నీడ లేకుండా కనిపించేలా స్కోపును ముందుకో వెనక్కో జరపండి. అదే పడుకున్న భంగిమలోనూ చూడండి. రెంటిలో ఏది ఎక్కువ ముందుకు వస్తే అక్కడ ఆపండి. మెడ సాచి వెతికితే తప్ప బొమ్మ దొరకకపోతే స్కోపు చోటు తప్పు, మీ మెడ కాదు.

చెరువుగట్టు

హవల్దార్ గారూ, నిజమే, పడుకునే కాల్చాడు. చూసినట్టే చెప్పారు.

ఫిట్టర్ గారూ, మీ పరీక్ష చేశాను. వెనక బేస్ సరిగానే ఉంది. ముందు బేస్‌లో మొదటి స్క్రూ ఒక్కటే బిగిస్తే ఇనుములా నిలిచింది, బేస్ మాత్రం వేలితో నెడితే అటూ ఇటూ ఆడుతోంది! స్క్రూ మొన చదునుగా నలిగి మెరుస్తోంది. బోల్ట్‌కు మాత్రం తగలడం లేదు.

పాత ఫిట్టర్

దొరికింది కదా. ఆ మెరుపు రంధ్రం అడుగున ఒరుసుకున్న గుర్తు. ఇన్నాళ్లూ ముందు బేస్ ఒక్క స్క్రూ మీదే నిలిచి ఉంది. దుకాణంవారు పైన రింగులను ఎంత పిండినా కింద బేస్ ఊగుతూనే ఉంది. లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ దగ్గర సరైన పొడవు స్క్రూ అడిగి తీసుకోండి. దాన్నే ఆకురాయితో అరగదీసి పెట్టడం వద్దు, కొత్తది తీసుకోండి. నలిగిన మొన థ్రెడ్‌ను కూడా చెడగొడుతుంది.

బిగించే ముందు రింగులను బేస్ గాడిలో ముందు గోడకు ఆనేలా తోసి అప్పుడు బిగించండి. ఎందుకో మాస్టారు చెప్పారు. వీవర్, పికాటిన్నీ అని బేస్‌లలో రెండు రకాలు: వీవర్ రింగు అడ్డపట్టీ 4.57 మిల్లీమీటర్ల గాడికి చేసినది, పికాటిన్నీ గాడి 5.23. వీవర్ రింగు పికాటిన్నీలో కూర్చుంటుంది గానీ 0.66 మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుంది. వెనక గోడకు ఆనించి బిగిస్తే ఆ ఖాళీలో స్కోపు ప్రతి గుండుకూ ముందుకు జరుగుతూ వస్తుంది.

గాలి రైఫిల్ (కరీంనగర్)

ఇక్కడ నాకు పేచీ ఉంది. నాది స్ప్రింగు ఎయిర్ రైఫిల్, .177, 20 జౌళ్ల లోపు, లైసెన్సు అక్కర్లేనిది. మీ లెక్కల ముందు బొమ్మ తుపాకీ. అయినా ఒక స్కోపులో గురిరేఖ తెగిపోయింది, రెండోది వెనక్కి జారుతోంది. మాస్టారు ముందుకు అంటున్నారు, నాది వెనక్కి. ఎవరు తప్పు?

భౌతికం

ఎవరూ కాదు, మీ తుపాకీ రెండుసార్లు తన్నుతుంది. స్ప్రింగు విడుదల కాగానే బరువైన పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి వస్తుంది. ఆ వెంటనే పిస్టన్ గొట్టం చివర గుద్దుకుని ఆగుతుంది, అప్పుడు తుపాకీ ముందుకు కుదుపుతుంది. రెండోదే పదునైన దెబ్బ. తుపాకీ ముందుకు దూకితే స్కోపు వెనకబడుతుంది. మామూలు రైఫిల్ స్కోపుల్లో కటకాలను ఒక దిశ దెబ్బకే ఆసరా ఇచ్చి కూర్చోబెడతారు. ఎదురు దిశలో వచ్చే దెబ్బకు అవి సిద్ధంగా ఉండవు. ఎయిర్ రైఫిల్‌కు తగినదని తయారీదారు స్పష్టంగా రాసిన స్కోపే కొనాలి.

పాత ఫిట్టర్

మౌంటు విషయంలో మీకు అంతా ఎదురు. 11 మిల్లీమీటర్ల గాడికి రెండు విడి రింగులు కాకుండా ఒకే దిమ్మెగా ఉన్న మౌంటు తీసుకోండి. దాని కింద ఆపే పిన్ను ఉంటుంది. అది రిసీవర్ మీది చిన్న రంధ్రంలో దిగాలి. రంధ్రం లేకపోతే మౌంటు వెనక ఆనుకునేలా విడిగా ఒక అడ్డు దిమ్మె బిగించండి.

మక్కజొన్న (నర్సంపేట)

రింగుల లోపల రోజిన్ పొడి చల్లితే జారదని ఒక పాత షికారీ చెప్పారు. కొందరు రింగు స్క్రూలకు కూడా థ్రెడ్‌లాకర్ పెడతారు. ఏది మేలు? మా చేను పాకాల అడవి అంచున ఉంది, అడవిపందులు మక్కజొన్నను మిగల్చడం లేదు. 12 బోర్‌పై రెడ్ డాట్ (ఎర్ర చుక్కతో గురి చూపే సైటు) పెట్టించుకుందామని ఆలోచన.

పాత ఫిట్టర్

రోజిన్ మంచిదే. వయొలిన్ కమానుకు రాసే అదే పొడి, వేలికొసతో అద్దినంత చాలు. రింగు స్క్రూలకు థ్రెడ్‌లాకర్ నేను పెట్టను. తడిగా ఉన్నప్పుడు అది నూనెలా జారుడునిస్తుంది, అదే టార్క్‌కు స్క్రూ ఎక్కువ లాగుతుంది, గొట్టం నలుగుతుంది.

రిటైర్డ్ హవల్దార్

ఇక్కడ ఫిట్టర్ గారితో ఏకీభవించను. దుమ్ము దారుల్లో జీపులో గంటల తరబడి తిరిగే తుపాకీకి రింగు స్క్రూలు వదులవడం చూశాను. టార్క్ పది, పదిహేను శాతం తగ్గించి ఒక చిన్న చుక్క పెడితే నష్టం లేదు.

పాత ఫిట్టర్

తగ్గించి పెడితే సరే. తగ్గించేవారు ఎంతమంది అన్నదే నా అనుమానం.

నిర్వాహకుడు

నర్సంపేట గారూ, పరికరం గురించి అడగండి, పందుల గురించి మాత్రం ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. పంటకు నష్టం జరిగితే 11వ సెక్షన్ కింద అధీకృత అధికారి రాతపూర్వకంగా అనుమతించాలి. తుపాకీ లైసెన్సు ఉండటం దానికి బదులు కాదు. పంట నష్టం దరఖాస్తుతో ముందు అటవీ రేంజి కార్యాలయానికి వెళ్లండి.

భౌతికం

రెడ్ డాట్‌లో ఒక సుగుణం ఉంది. దానికి నిర్ణీత కంటి దూరం లేదు, ముఖానికి దూరంగా పెట్టుకోవచ్చు. బరువూ తక్కువ, కాబట్టి మౌంటు మీద లాగుడూ తక్కువ. కానీ 12 బోర్ తన్నుకు బ్యాటరీ ఒక్క క్షణం లోపల ఎగిరి చుక్క ఆరిపోయే చవక రకాలున్నాయి. కొనేటప్పుడు బ్యాటరీ మూత కింద స్ప్రింగు ఎంత గట్టిదో నొక్కి చూడండి.

చెరువుగట్టు

గన్‌స్మిత్ సరైన స్క్రూ ఇచ్చి తన ముందే బిగింపజేశారు. స్కోపు గొట్టం మీద రింగుల నొక్కు గీతలు ఉన్నాయి గానీ లోతు లేదన్నారు. రింగులు వదిలాక జూమ్ మళ్లీ సాఫీగా తిరుగుతోంది. బరువు కట్టిన దారం వేలాడదీసి గురిరేఖ నిలువు కూడా సరిచూశాం. ఇక గురి కుదర్చడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? నేరుగా వంద మీటర్లేనా?

రిటైర్డ్ హవల్దార్

తూటాలు వృథా చేయకండి. బోల్ట్ తీసి, రైఫిల్‌ను ఇసుక సంచుల మీద కదలకుండా ఉంచి, బ్యారెల్ గుండా 25 మీటర్ల దూరంలో ఒక నల్ల చుక్కను చూడండి. రైఫిల్ కదలకుండా స్కోపు రేఖను అదే చుక్క మీదికి తిప్పండి. తరువాత 25 మీటర్లలో కాల్చి సరిచేసి, అప్పుడు వందకు వెళ్లండి. స్కోపు మీది సర్దుబాటు మీటను ఒక మెట్టు తిప్పితే ఒక క్లిక్కు. పావు నిమిషం (ఇది కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు ఒక నిమిషం) క్లిక్కు వంద మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్లు జరుపుతుంది. 25 దగ్గర అందులో నాలుగో వంతే, కాబట్టి అక్కడ క్లిక్కులు నాలుగు రెట్లు కావాలి. మూడేసి గుళ్ల గుంపు చూసి మార్చండి, ఒక్కో గుండుకూ వెంబడించి తిప్పవద్దు.

పాత ఫిట్టర్

రేంజికి వెళ్లే ముందు ప్రతి స్క్రూ తల మీది నుంచి పక్క లోహం మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక గీత గీయండి. ఏ స్క్రూ తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. కాల్చాక ముందు ఆ గీతలు చూడండి, తరువాతే స్కోపును అనుమానించండి.

చెరువుగట్టు

గీతలు గీశాను. హైదరాబాద్ రేంజిలో సమయం తీసుకున్నాను. బావమరిది కూడా వస్తానంటున్నాడు, ఈసారి కూర్చునే కాలుస్తాడట. అక్కడి టార్గెట్ కాగితం ఫోటో ఇక్కడే పెడతాను.

మూడు వందల పదిహేను

ఫోటోతో పాటు స్కోపు బరువెంతో కూడా రాయండి. రంధ్రాలతో వచ్చే .30-06 కోసం నేనూ దరఖాస్తు పెడుతున్నాను.